మంచు మనిషి ఏ దేశస్థుడు?

1991 సెప్టెంబరు 19న ఆల్ప్స్ పర్వతాల్లోని టీసెన్‌యోఖ్ కనుమ దగ్గర, 3,210 మీటర్ల ఎత్తున, జర్మనీలోని న్యూరెంబర్గ్ నుంచి వచ్చిన హెల్ముట్, ఎరికా సీమోన్ దంపతులకు కరుగుతున్న మంచులోంచి బయటపడిన ఒక శవం కనిపించింది. ఎవరో పర్వతారోహకుడు ఎప్పుడో జారిపడి చనిపోయాడనుకున్నారు. కబురు ఇటలీ, ఆస్ట్రియా రెండు దేశాల పోలీసులకూ వెళ్లింది. వచ్చింది మాత్రం ఆస్ట్రియా వాళ్లు. రాళ్లు పగలగొట్టే డ్రిల్లుతో మంచును తొలుస్తూ శవం తుంటిని కూడా పాడు చేశారు. నాలుగు రోజుల తరవాత హెలికాప్టర్లో ఇన్స్‌బ్రుక్ నగరానికి తరలించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో పురావస్తు శాస్త్రజ్ఞుడైన కొన్రాడ్ స్పిండ్లర్, శవం పక్కన దొరికిన గొడ్డలిని చూసి ఇది కనీసం నాలుగు వేల ఏళ్ల నాటిదని తేల్చాడు. రేడియోకార్బన్ పరీక్షలు ఆ కాలాన్ని ఇంకా వెనక్కి, క్రీ.పూ. 3350కీ 3100కీ మధ్యకు జరిపాయి.

అంతవరకూ ఎవరికీ పట్టని ప్రశ్న అప్పుడు లేచింది. శవం దొరికిన చోటు ఎవరిది? చనిపోయినవాడు మామూలు పర్వతారోహకుడైతే ఇది రెండు పోలీసు ఠాణాల మధ్య కాగితాల వ్యవహారం. ఐదు వేల ఏళ్ల మనిషి అనేసరికి రెండు దేశాల వ్యవహారమైంది. అక్టోబరు 2న సర్వేయర్లు పైకెక్కి కొలిచారు. శవం దొరికిన గుంట ఇటలీ భూభాగంలో, సరిహద్దుకు 92.56 మీటర్ల లోపల ఉందని తేలింది. సెంటీమీటర్ల దాకా లెక్క కుదిరింది కనుక వివాదం అక్కడితో ఆగింది.

ఆ లెక్కలో ఒక చిక్కు ఉంది. ఇటలీ, ఆస్ట్రియాల సరిహద్దు జలవిభాజక రేఖ వెంట నడవాలని 1919 నాటి సాంజెర్మాఁ ఒప్పందం చెబుతోంది. కానీ టీసెన్‌యోఖ్‌లో ఆ గుంట దగ్గర కరిగిన నీరు దక్షిణంగా ఇటలీ వైపు పోదు. ఉత్తరంగా, ఆస్ట్రియాలోని ఇన్ నది లోయలోకి పారుతుంది. ఒప్పందం ఆధారపడిన సూత్రాన్ని పాటిస్తే ఆ మనిషి ఆస్ట్రియాలో దొరికినట్టు. ఆ సూత్రంతో గీసిన గీతను పాటిస్తే ఇటలీలో దొరికినట్టు. రెండూ ఒకే కొండ మీద, వంద మీటర్ల తేడాలో.

జలవిభాజకం అంటే పెంకుటింటి నడికొప్పు వంటిది. దానికి ఇవతల పడ్డ చినుకు ఇవతలి చూరు నుంచి, అవతల పడ్డది అవతలి చూరు నుంచి జారుతుంది. ఆల్ప్స్‌లో 1,370 మీటర్ల ఎత్తున ఉన్న బ్రెన్నర్ కనుమ దగ్గర దీన్ని కళ్లారా చూడవచ్చు. ఉత్తరపు వాన సిల్ నది ద్వారా ఇన్ నదిలో, అక్కడినుంచి డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రం చేరుతుంది. దక్షిణపు వాన ఐజాక్ నది మీదుగా ఆడిజె నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతుంది. దేశాల మధ్య గీత గీయడానికి ఇంతకన్నా సహజమైన హద్దు ఉంటుందా అనిపిస్తుంది. సరిగ్గా అలా అనిపించడం కోసమే దాన్ని ఎంచుకున్నారని నా అభిప్రాయం.

మొదటి ప్రపంచ యుద్ధంలో తమ పక్షాన చేరితే బ్రెన్నర్ దాకా భూమి ఇస్తామని 1915 ఏప్రిల్ 26న లండన్‌లో కుదిరిన రహస్య ఒప్పందంలో మిత్రరాజ్యాలు ఇటలీకి మాట ఇచ్చాయి. యుద్ధం ముగిసే ఏడాది అమెరికా అధ్యక్షుడు విల్సన్ ప్రకటించిన 14 సూత్రాల్లో తొమ్మిదోది, ఇటలీ సరిహద్దును జాతీయత రేఖల వెంట సవరించాలని చెప్పింది. ఈ రెండు మాటలూ ఒకచోట పొసగవు. బ్రెన్నర్‌కు దక్షిణాన ఉన్న దక్షిణ టిరోల్ ప్రాంతంలో 1910 జనగణన నాటికి పదింట దాదాపు తొమ్మిది మంది మాతృభాష జర్మన్. ఇటాలియన్ మాట్లాడేవారు నూటికి ముగ్గురు. ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి నీళ్ల సూత్రం గెలిచింది, భాషా సూత్రం ఓడింది. నీళ్ల సూత్రాన్నయినా పూర్తిగా పాటించారా అంటే అదీ లేదు. తూర్పున ఇనిఖెన్ పట్టణం చుట్టూ ఉన్న లోయ నీరు ద్రావా నది ద్వారా డాన్యూబ్‌కే పోతుంది. జలవిభాజకం లెక్కన అది ఆస్ట్రియాకు ఉండాలి. ఇటలీకి దక్కింది.

సరిహద్దు విషయంలో భాషకు పెద్దపీట వేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చి, మిగతావి మైసూరుకు పోయాయి. రెండు భాషలూ కలిసిపోయిన బళ్లారి తాలూకా సంగతి తేల్చడానికి మిశ్రా కమిషన్ కూర్చోవలసి వచ్చింది. భాషతో గీసిన గీత కూడా ఎక్కడో ఒకచోట రెండు భాషలవాళ్లు కాపురముండే వీధిలోంచే పోతుంది. ఆల్ప్స్‌లో చేసిన పని వేరు. అక్కడ మనుషులను లెక్కలోకి తీసుకోకుండా నీళ్లను అడిగారు.

ఈ నీళ్ల వాదానికి రంగం ముందే సిద్ధమైంది. ఎత్తోరె తొలోమెయి అనే ఇటాలియన్ జాతీయవాది 1904లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న ఒక శిఖరం ఎక్కి, జలవిభాజకం మీద ఇదే ఇటలీ ఉత్తరాగ్రమని ప్రకటించి ‘వెత్తా దితాలియా’, అంటే ఇటలీ శిఖరం, అని పేరు పెట్టాడు. ఆ శిఖరానికి జర్మన్ పేరు అప్పటికే ఉంది, దాన్ని తొమ్మిదేళ్ల ముందే వేరొకరు ఎక్కారు కూడా. ఆ భూమి ఇటలీకి రావడానికి ఇంకా పదిహేనేళ్లు ఉంది. భూగోళశాస్త్రాన్ని సాక్షిగా పిలిచి, సాక్ష్యం ఏం చెప్పాలో ముందుగానే నేర్పడం అంటే ఇదే.

ఒప్పందం కాగితం మీద సంతకమైతే సరిపోదు. ఆ గీతను నేల మీదికి దింపాలి, రాళ్లు పాతాలి. 1920ల ఆరంభంలో సరిహద్దు సంఘం టీసెన్‌యోఖ్‌కు వెళ్లేసరికి అక్కడ దాదాపు 20 మీటర్ల మందాన మంచు పేరుకుని ఉంది. అడుగున రాతి గట్టు ఎటు వాలిందో తెలిసే దారి లేదు. చేసేది లేక రెండు హద్దు రాళ్ల మధ్య తిన్నగా గీత గీసేశారు. ఏడు దశాబ్దాల తరవాత మంచు కరిగి, గట్టు అసలు వాలు బయటపడింది, దాంతోపాటు శవమూ బయటపడింది. అప్పుడు చేసిన ఉజ్జాయింపు వల్లే ఈనాడు ఆ శవం ఇటలీ సొత్తు.

మంచు మీది జలవిభాజకం స్థిరంగా ఉండకపోవడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. హిమానీనదం మీద నీరు ఎటు పారాలో నిర్ణయించేది అడుగు రాయి కాదు, పైనున్న మంచు ఉపరితలపు వాలు. మంచు అన్నిచోట్లా ఒకే తీరుగా కరగదు. ఎండ తగిలే వాలు, గాలి ఊడ్చే వాలు, దుమ్ము పడి నల్లబడ్డ భాగం త్వరగా పలచబడతాయి. ఒక పక్క తగ్గగానే ఉపరితలపు శిఖరరేఖ రెండో పక్కకు జరుగుతుంది. జలవిభాజకాన్నే హద్దుగా పెట్టుకున్న చోట దానితో సరిహద్దూ జరగాల్సి వస్తుంది. కరుగుదల నెమ్మదిగా ఉన్నంతకాలం దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్క 2022, 2023 సంవత్సరాల్లోనే స్విట్జర్లాండ్ హిమానీనదాలు తమ పరిమాణంలో దాదాపు పదో వంతు పోగొట్టుకున్నాయి. ఇక పట్టించుకోక తప్పదు.

ఇటలీ అంతకు ముందే తన ఆల్ప్స్ సరిహద్దుల విషయంలో ఇరుగుపొరుగుతో ‘కదిలే సరిహద్దు’ అనే చట్టపరమైన భావనను ఒప్పుకుంది. జలవిభాజకం సహజంగా జరిగితే దేశపు హద్దు కూడా దాని వెంటే జరుగుతుందని దాని సారం. ఫ్లారెన్స్‌లోని ఇటలీ సైనిక భౌగోళిక సంస్థ ఎప్పటికప్పుడు కొలుస్తుంది, పటాలు మారతాయి. రాజ్యాలు అంగుళం భూమి కోసం ప్రాణాలు తీసే ఈ లోకంలో ఇంత వినయం అరుదు. అయితే ఈ వినయం ఎవరూ నివసించని మంచు మీద మాత్రమే చెల్లుబాటు అవుతుందన్నది కూడా గమనించాలి. 2014లో కొందరు ఇటాలియన్ డిజైనర్లు, భౌగోళిక శాస్త్రజ్ఞులు ‘ఇటాలియన్ లిమెస్’ అనే ప్రయోగం చేపట్టి, మంచు మనిషి దొరికిన చోటికి ఎంతో దూరంలో లేని సిమిలౌన్ శిఖరం కింద, గ్రాఫెర్నర్ హిమానీనదం మీద జీపీఎస్ పరికరాలు అమర్చారు. అవి పంపే కొలతలతో వెనిస్ ప్రదర్శనలో ఒక యంత్రం సరిహద్దు గీతను సందర్శకుల ముందే కాగితం మీద గీసేది.

మంచు మీద ఎవరో ఒకరు కాపురముంటే పరిస్థితి మారిపోతుంది. మాటర్‌హార్న్ శిఖరానికి దగ్గరలో, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల హద్దున టెస్టా గ్రిజా అనే 3,480 మీటర్ల ఎత్తు చోట ఒక పర్వతారోహకుల విడిది ఉంది. 1984లో కట్టినప్పుడు అది పూర్తిగా ఇటలీ నేల మీదే ఉండేది. పక్కనున్న థియోడుల్ హిమానీనదం 1973, 2010 మధ్య తన ద్రవ్యరాశిలో దాదాపు నాలుగో వంతు కోల్పోయింది. జలవిభాజకం జరిగి, భవనంలో మూడింట రెండు వంతులు స్విట్జర్లాండ్‌లోకి పోయినట్టయింది. విడిది యజమాని ఎవరికి పన్ను కట్టాలి, ఏ దేశపు భవన నిబంధనలు పాటించాలి? 2018లో చర్చలు మొదలయ్యాయి, 2021లో ఒప్పందం కుదిరింది, 2024 సెప్టెంబరులో స్విస్ ప్రభుత్వం దాన్ని ఆమోదించింది. చుట్టూ మంచుక్రీడల వ్యాపారం లేకపోతే ఇంత శ్రద్ధ పెట్టేవారా అన్నది వేరే సంగతి.

అయితే జీపీఎస్ అంకెలతో శాశ్వతంగా బిగించేస్తే సరిపోదా? అదీ అనుకున్నంత తేలిక కాదు. యూరప్ నేల మొత్తం యురేషియా ఫలకం మీద ఏడాదికి సుమారు రెండున్నర సెంటీమీటర్లు కదులుతుంటుంది. అందుకే యూరప్ సర్వేయర్లు 1989 నాటి స్థితిని ఆధారం చేసుకుని, ఫలకంతో పాటే కదిలే ఒక నిర్దేశాంక వ్యవస్థను వాడతారు. స్థిరంగా ఉందని మనం అనుకునే హద్దు అంకె, నిజానికి నేలతో సమానంగా నడుస్తున్న అంకె.

ఇక ఆ మనిషి సంగతికి వస్తాను. ఓట్స్‌టాల్ పర్వతాల పేరు మీదుగా వియన్నా పత్రికా విలేకరి ఒకరు పెట్టిన ‘ఓట్సీ’ అన్న ముద్దుపేరుతో అతను లోకప్రసిద్ధుడయ్యాడు. 1998 జనవరిలో ఇన్స్‌బ్రుక్ నుంచి దక్షిణ టిరోల్ రాజధాని బోల్జానోకు తరలించారు. ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో మైనస్ 6 డిగ్రీల చలిలో భద్రపరిచి ఉంచారు. ఇంతగా పరీక్షకు గురైన ప్రాచీన దేహాలు ప్రపంచంలో చాలా తక్కువ. అతని దేహం చెప్పిన సాక్ష్యం మాత్రం ఏ దేశానికీ పూర్తిగా అనుకూలంగా లేదు.

పంటి మీది ఎనామెల్ చిన్నతనంలో ఏర్పడుతుంది, ఆ తరవాత మారదు. అందులోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి అప్పట్లో తాగిన నీటిని బట్టి ఉంటుంది. ఆల్ప్స్‌కు ఉత్తరాన కురిసే వాన ఎక్కువగా అట్లాంటిక్ మహాసముద్రం నుంచి వస్తుంది, దారి పొడుగునా కురుస్తూ వచ్చేసరికి దానిలో బరువైన ఆక్సిజన్ తగ్గిపోతుంది. దక్షిణపు వాన దగ్గరలోని మధ్యధరా సముద్రానిది, అందులో బరువైన ఆక్సిజన్ కాస్త ఎక్కువ. 2003లో ప్రచురితమైన పరిశోధన ఈ ఆధారంతో, అతని బాల్యం జలవిభాజకానికి దక్షిణాన, బహుశా ఐజాక్ నది లోయలో గడిచిందని తేల్చింది. పేగుల్లో దొరికిన ఆహారంలో హాప్ హార్న్‌బీమ్ అనే చెట్టు పుప్పొడి ఉంది. ఆ చెట్టు దక్షిణపు లోయల్లో పెరుగుతుంది, వేసవి మొదట్లో పూస్తుంది. అంటే చివరి ప్రయాణం కూడా దక్షిణం నుంచే మొదలైందన్నమాట.

ఇంతవరకు వింటే ఇటలీ పక్షం సంతోషించవచ్చు. కానీ దక్షిణ టిరోల్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లు కూడా దక్షిణపు లోయలవాళ్లే కదా. అతని చేతి గొడ్డలి రాగి ఆ కొండల్లోది కాదు, వందల కిలోమీటర్ల దూరాన టస్కనీ దక్షిణ భాగపు గనులదని 2017 నాటి విశ్లేషణ చెప్పింది. బాకు చేసిన చెకుముకి రాయి దక్షిణాన ఉన్న లెస్సీని కొండల నుంచి వచ్చింది. 2023లో లైప్జిగ్, బోల్జానో పరిశోధకులు ప్రచురించిన జన్యు అధ్యయనం ప్రకారం అతని వంశవారసత్వంలో 90 శాతానికి పైగా అనటోలియా, అంటే నేటి తుర్కియే ప్రాంతం నుంచి వ్యవసాయంతో పాటు వలస వచ్చిన రైతులది. ఒంటి రంగు ముదురు, తల మీద జుట్టు పలచబడింది. నేటి యూరోపియన్లలో గణనీయంగా కనిపించే స్టెప్పీ మైదానాల వారసత్వం అతనిలో దాదాపు లేదు. ఇటాలియన్, జర్మన్ భాషల మూలరూపాలు ఆ స్టెప్పీ వలసలతోనే పడమరకు వచ్చాయని ఎక్కువమంది పరిశోధకుల అంచనా. అదే నిజమైతే అతను మాట్లాడిన భాషకు ఈ రెండింటిలో దేనితోనూ చుట్టరికం ఉండదు.

విజ్ఞానశాస్త్రం ఇక్కడ అద్భుతంగా పని చేసింది. ఎక్కడ పుట్టాడు, ఏం తిన్నాడు, ఏ దారిన వచ్చాడు, ఎడమ భుజంలో దిగిన బాణంతో ఎలా చనిపోయాడు అన్నిటికీ జవాబులిచ్చింది. ఎవరివాడు అన్న ప్రశ్నకు మాత్రం 1919 నాటి విజేతల ఒప్పందమే జవాబిచ్చింది. ప్రయోగశాల జవాబును ఆ రెండో ప్రశ్నకు అతికించడం మామూలైపోయిన రోజులివి. జన్యు పరీక్ష చేయించుకుని నేను ఫలానా దేశస్థుణ్ని అని చెప్పుకోవడం ఆ అలవాటులో భాగమే. ఆ పరీక్ష చెప్పేది పూర్వీకుల కలయికల సగటు మాత్రమే.

ఐదు వేల ఏళ్ల శవం విషయంలో ఇదంతా వినోదంగా ఉంటుంది. బతికున్నవాళ్ల విషయంలో కాదు. ఇటలీలో ఫాసిస్టుల పాలన మొదలయ్యాక దక్షిణ టిరోల్‌లో జర్మన్ బళ్లు మూతపడ్డాయి. పిల్లలకు సొంత భాష రహస్యంగా, ఇళ్ల నేలమాళిగల్లో నేర్పవలసి వచ్చింది. తొలోమెయి తయారు చేసిన పేర్ల జాబితాతో ఊళ్లకు, వాగులకు, కొండలకు ఇటాలియన్ పేర్లు వచ్చాయి. 1939లో హిట్లర్, ముసోలినీల మధ్య కుదిరిన ఏర్పాటు ఆ ప్రజల ముందు ఒక కాగితం పెట్టింది: జర్మనీకి వెళ్లిపోవడమా, ఇటలీలో ఉండిపోయి ఇటాలియన్లుగా మారడమా. నూటికి ఎనభై మందికి పైగా వెళ్తామని రాశారు, సుమారు 75,000 మంది నిజంగానే వెళ్లారు. అన్నదమ్ములు విడిపోయారు, వెళ్లినవాళ్లకూ ఉన్నవాళ్లకూ తరాల తరబడి మాటల్లేవు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత ఆస్ట్రియా ఈ సమస్యను 1960లో ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లింది. మరుసటి ఏడాది జూన్‌లో ఒకే రాత్రి 37 విద్యుత్ స్తంభాలను వేర్పాటువాదులు పేల్చేశారు. 1972లో విస్తృత స్వయంప్రతిపత్తి వచ్చింది, 1992లో వివాదం ముగిసిందని ఆస్ట్రియా అధికారికంగా ప్రకటించింది. 1998 ఏప్రిల్ 1న, సరిహద్దు తనిఖీలను ఎత్తేసే షెంగెన్ ఒప్పందం అమల్లో భాగంగా, బ్రెన్నర్ దగ్గర అడ్డుకర్రను తీసేశారు.

అది ఆశల కాలం. బెర్లిన్ గోడ కూలి అప్పటికి ఎనిమిదేళ్లు దాటాయి. సరిహద్దులు ఇక చరిత్ర పుస్తకాల్లోకి పోతాయని చాలామంది నమ్మారు. గోడలను లెక్కపెట్టే కెనడా భూగోళ శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ వాలే ప్రకారం, 1989 నాటికి ప్రపంచంలో సరిహద్దు గోడలు పదిహేను దాకా ఉంటే ఇప్పుడు డెబ్బైకి పైన ఉన్నాయి. బ్రెన్నర్ కూడా ఆ గాలికి దూరంగా లేదు. 2016 వసంతంలో, మధ్యధరా దాటి వచ్చే శరణార్థులను ఆపడానికి కనుమ దగ్గర కంచె వేస్తామని ఆస్ట్రియా సన్నాహాలు మొదలుపెట్టింది. ఇటలీ మండిపడింది, ఇరు దేశాలవాళ్లూ అక్కడ నిరసన తెలిపారు, చివరికి కంచె పడలేదు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు వైద్య పత్రం లేకుండా ఇటలీ నుంచి వచ్చేవారిని ఆస్ట్రియా చాలావరకు ఆపేసింది. ఇప్పటి గొడవ ట్రక్కులది. ఏటా ఇరవై లక్షలకు పైగా ట్రక్కులు ఆ కనుమ దాటుతాయి. లోయ గాలి పాడవుతోందని ఆస్ట్రియా రాత్రి ప్రయాణాలపై ఆంక్షలు పెడితే, ఇటలీ 2024లో యూరప్ న్యాయస్థానానికెక్కింది. కింద 55 కిలోమీటర్ల రైలు సొరంగం తవ్వుతూనే పైన ఈ పోరు సాగుతోంది.

గీత గట్టిపడినప్పుడు మనుషులు నిజంగా ఎంత వేరవుతారు? దీనికి జవాబు వెతికిన పరిశోధన ఒకటి దక్షిణ టిరోల్ అంచునే జరిగింది. అమెరికా మానవశాస్త్రవేత్తలు జాన్ కోల్, ఎరిక్ వుల్ఫ్ 1960లలో పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లను పరిశీలించారు. సాంక్ట్ ఫెలిక్స్‌లో జర్మన్, ట్రెట్‌లో లాటిన్ మూలపు భాష. కొండ ఒకటే, వాతావరణం ఒకటే, పశువుల మేత కష్టాలూ ఒకటే. వారసత్వం గురించి అడిగితే మాత్రం జవాబులు వేరు. పొలం చీలకూడదు, ఒక్క కొడుక్కే దక్కాలని మొదటి ఊరు, పిల్లలందరికీ సమానంగా పంచాలని రెండో ఊరు గట్టిగా చెప్పాయి. ఆచరణలో ఏం జరిగిందో లెక్క తీస్తే రెండు ఊళ్లలోనూ ఫలితం దాదాపు ఒకే తీరు. నేల బలం, మేత విస్తీర్ణం రెండు ఊళ్లనూ ఒకే దారిన నడిపించాయి. అలాగని వాళ్ల మధ్య తేడా అబద్ధమనడానికి లేదు. పెళ్లిళ్లు, స్నేహాలు, ఇంటి పెద్దరికం, ఊరి రాజకీయం అన్నీ ఆ ఆదర్శాల మీదే నడిచాయి. వారి పుస్తకం 1974లో వెలువడింది. అంతకు ఐదేళ్ల ముందు నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ ఇదే మాటను సిద్ధాంతంగా చెప్పాడు. ఒక జనసమూహాన్ని నిలబెట్టేది దాని లోపలి సంస్కృతి సరుకు కన్నా, మేము వేరు అని నిరంతరం గుర్తు చేసుకునే హద్దే అన్నాడు.

నేటి దక్షిణ టిరోల్‌లో ఆ హద్దు కనుమ మీద లేదు, ప్రభుత్వ కార్యాలయపు బీరువాలో ఉంది. ప్రభుత్వోద్యోగాలు, గృహ నిధులు మూడు భాషా వర్గాలకు జనాభా నిష్పత్తి ప్రకారం పంచుతారు. 2011 లెక్కన జర్మన్ వర్గం 69 శాతం, ఇటాలియన్ 26, లాటిన్ మూలపు స్థానిక భాష లాదిన్ మాట్లాడేవారు నాలుగున్నర. ఆ వాటా కోరే ప్రతి పౌరుడూ నేను ఫలానా వర్గమని సంతకం చేసిన పత్రం ఇవ్వాలి. బాంబుల నుంచి ఆ ప్రాంతాన్ని కాపాడటంలో ఈ ఏర్పాటుకు పెద్ద పాత్రే ఉందని చెప్పవచ్చు. అయితే నాన్న జర్మన్, అమ్మ ఇటాలియన్ అయిన ఇంట్లో పుట్టినవాడు ఏం రాయాలి? ‘ఇతరులు’ అని రాయడానికి వీలుంది. అలా రాసినా, హక్కుల కోసం మూడింటిలో ఏదో ఒక వర్గానికి జతపడుతున్నానని మళ్లీ ప్రకటించాలి. 2017 డిసెంబరులో వియన్నాలో అధికారంలోకి వచ్చిన కూటమి, దక్షిణ టిరోల్‌లోని జర్మన్, లాదిన్ వర్గాలవారికి ఆస్ట్రియా పౌరసత్వం కూడా ఇస్తామని తన కార్యక్రమంలో రాసుకుంది. ఎవరు ఆ వర్గం అని తేల్చడానికి కొండనో, నీళ్లనో, పంటి ఎనామెల్‌నో అడగాలని ఎవరూ అనలేదు. చర్చంతా ఆ బీరువాలోని పత్రం చుట్టే తిరిగింది. రోమ్ అభ్యంతరం చెప్పింది, 2019లో ఆ కూటమి కూలిపోయింది, ప్రతిపాదన అమల్లోకి రాలేదు. పత్రాలు మాత్రం ఇప్పటికీ నింపుతూనే ఉన్నారు.